పులిహోర క్యారియర్లకి కాపలా

అవును, పులిహోర పోయింది. కోతులు తిన్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. ఇంటికి ఎవరొచ్చినా మావాళ్ళు ఆ కథే చెప్పి పడీపడీ నవ్వుతారు కదా, ఇంక నేను కాదనేదేముంది? కానీ పులిహోర దగ్గర మొదలెడితే తప్పు నాదిలాగే కనిపిస్తుంది. అంతకుముందు ఏం జరిగిందో చెప్పమనండి, ఒక్కరూ నోరు విప్పరు.

నాన్నది టెలిఫోన్స్‌లో ఉద్యోగం. అందుకే విశాఖపట్నంలో మా వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఫోనుంది. ఈ ఎనభైల్లో అది చిన్న విషయం కాదు. కాలేజీ నుంచి రావడం, పుస్తకాలు మంచమ్మీద పడేయడం, రిసీవరు ఎత్తడం. "ఆ నల్లడబ్బా నీ సెవికి మొలిసిందేటే?" అనేది అమ్మమ్మ. అవతలెప్పుడూ ఒక్కరే, విజయనగరంలో ఉన్న పిన్ని. అమ్మకి ఆఖరి చెల్లెలు. పేరుకి పిన్ని గానీ నాకంటే నాలుగైదేళ్ళే పెద్ద. బాబాయిదీ నాన్న డిపార్టుమెంటే, వాళ్ళింట్లోనూ ఫోనుంది. కాల్ కలిపే ఆపరేటరు అక్కకి మా ఇద్దరి గొంతులూ కంఠతా. "చాల్లేమ్మా, లైను ఇంకెవరికో కావాలి" అని మధ్యలో దూరేది.

నా సంగతులన్నీ పిన్నికి తెలుసు. తన సంగతులన్నీ నాకు తెలుసనుకున్నాను.

ఆ చలికాలం ఊళ్ళో ఎగ్జిబిషను పెట్టారు. జెయింట్ వీలు, బావిలో మోటారు సైకిలు తిప్పేవాడు, వంకర అద్దాల గది. అందరం కలిసి శని, ఆదివారాలు ఎటైనా వెళ్ళాలని నాన్న అన్నదే తడవు, నేను ఎగ్జిబిషను అన్నాను. ఆ సాయంత్రమే పిన్నికి ఫోన్ చేసి, మీరిద్దరూ కూడా వచ్చేయండన్నాను.

"జెయింట్ వీలుకేముందే, ఏటా వస్తుంది. బొర్రా గుహలు చూశావా నువ్వు? లోపల రాయి నీళ్ళలా కారి గడ్డకట్టిపోయి ఉంటుందట. కాగడాలు పట్టుకుని తీసుకెళ్తారట" అంది. రోజూ అదే మాట. నాలుగోరోజుకి జెయింట్ వీలు నాకే చప్పగా అనిపించింది.

ఇంక ఇంట్లో యుద్ధం నాది. "ఎగ్జిబిషనైతే సిటీ బస్సెక్కి పోయొచ్చేస్తాం కదే" అన్నాడు నాన్న. అన్నం మానేశాను. దిగొచ్చాడు. నాన్న పేరు చెప్పి అరకు గెస్ట్‌హౌస్‌కి ట్రంకు కాల్ బుక్ చేసింది నేను. "వంటోడు లేడమ్మా, కోడి తెచ్చుకుంటే నేనే వండెడతాను" అని వాచ్‌మన్ అంటే సరే అన్నది నేను. తెల్లారకుండా బయల్దేరే కిరండూల్ పాసింజరు, శనివారం బొర్రా, రాత్రికి అరకు, ఆదివారం అక్కడి తోటలు. అంతా నా ప్లానే. "మా అమ్మాయి ప్లానండీ" అని నాన్న ఆఫీసులో చెప్పుకున్నాడు కూడా.

బయల్దేరే రోజు తెల్లవారుజామునే నాకు నెలసరి వచ్చింది.

అమ్మతో చెప్తే ప్రయాణం ఆగుతుంది, లేదా నేను ఆగుతాను. చెప్పలేదు. ముందురోజు రాత్రే మా ఇంట్లో దిగిన పిన్నీ బాబాయీ, అమ్మమ్మతో సహా అందరం రైలెక్కాం. అది శృంగవరపుకోట దాటి ఘాటెక్కింది. మొదటి సొరంగంలో బోగీ అంతా చీకటైపోయి జనం "హో" అని అరుస్తుంటే, పిన్ని చెవిలో చెప్పాను. నా చెయ్యి నొక్కింది. "నాకు చెప్పావుగా, ఇంక మర్చిపో" అంది.

మర్చిపోయాను కూడా. ఎందుకు మర్చిపోనూ? అంతకుముందు ఏడాది సింహాచలంలో చుట్టాల పెళ్ళికెళ్ళినప్పుడు పిన్నికి ఇదే అయితే, నాకొక్కదానికే చెప్పింది. నేను గుడి మెట్ల మీద, చీర మరక ఎవరికీ కనపడకుండా, ఆవిడ వెనకాలే గోడలా నడిచాను. ఈ రోజుకీ ఎవరికీ తెలీదు. ఇదిగో, ఇప్పుడు మీకే.

బొర్రాలో దిగి, గుహ దాకా నడిచాం. ఎంత పెద్ద నోరో! లోపల్నుంచి చల్లగాలి మొహానికి తగిలింది. గైడు పెట్రోమాక్స్ లైటుకి గాలి కొడుతూ, పూర్వం పైనున్న కన్నంలోంచి ఓ ఆవు లోపలికి పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళినవాడికి లోపల శివలింగం కనిపించిందనీ చెప్తున్నాడు. నేను అందరికంటే ముందు నిలబడ్డాను. వెనకనుంచి అమ్మమ్మ నా భుజం దగ్గరకొచ్చింది. తాకకుండా ఆగింది.

"నువ్విక్కడే కూకో అమ్మా. లోపల సివుడున్నాడు."

గొంతు తగ్గించే అంది. కానీ నాన్న అప్పటికే కొండవైపు తిరిగిపోయాడు. బాబాయి చెప్పులు చూసుకుంటున్నాడు. అమ్మ "ముందే చెప్పొద్దుటే?" అంటూ పులిహోర క్యారియర్లు తెచ్చి ఓ బండ మీద పెట్టింది. పిన్ని నా వైపు చూడలేదు. ఇంకెవరికీ చెప్పలేదు నేను. ఒక్క పిన్నికే చెప్పాను.

"క్యారియర్లు సూసుకుంటుండు. ముట్టుకోకేం. అందరం తినాల" అంది అమ్మమ్మ.

అంటే నేను ముట్టుకుంటే పులిహోర పాడైపోతుంది. కానీ దానికి కాపలా మాత్రం నేనే కాయాలి!

లైటు వెలుగు లోపలికి దిగిపోయింది. వాళ్ళ మాటలు కాసేపు వినిపించి ఆగిపోయాయి. నేను ఆవు గురించే ఆలోచించాను. పడిపోయినప్పుడు ఆ ఆవు మైలలో ఉందేమో ఎవరైనా అడిగారా?

అప్పుడొచ్చాయి కోతులు. మొదట ఒకటి, తర్వాత కుటుంబం కుటుంబం. వాటిది కూడా ఫ్యామిలీ ట్రిప్పే. పెద్దది క్యారియరు కడ్డీ లాగింది. గిన్నె దొర్లి, పసుపు మెతుకులు బండంతా పరుచుకున్నాయి. పక్కనే సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చున్న కొండామె లేచింది.

"ఓ గుంటా! మీ అన్నం తినేస్తన్నాయి!"

"ముట్టుకోవద్దన్నారు" అన్నాను.

"కోతులనా?"

"క్యారియరుని."

ఆమె నన్ను చూసింది, క్యారియర్ని చూసింది, గుహ వైపు చూసింది. కూలబడి ఒకటే నవ్వు. గంపలోంచి ఓ పండు తీసి నా చేతిలో పెట్టింది. చేతిలోనే పెట్టింది.

వాళ్ళు నుదుటి మీద విభూతితో బయటికొచ్చారు. పిన్ని అందరికీ కొబ్బరిముక్కలు పంచుతూ వచ్చి, నా దగ్గరకొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ కొబ్బరికాయ ఎక్కడిది? మేం దారిలో కొనలేదే. విజయనగరం నుంచే పిన్ని సంచిలో వచ్చిందన్నమాట.

"ఎందుకు చెప్పేశావు?" అన్నాను.

"నీకు తెలీదే. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇంకా కడుపు పండలేదు. ఇక్కడి శివుడికి మొక్కుకోమని ఎవరో చెప్పారు. మైల తగిలి ఏదైనా అయితే?"

"మొక్కా? నాతో అనలేదేం?"

"నీతో చెప్తే నవ్వుతావని."

నవ్వుతానట. రోజూ గంటసేపు ఫోన్లో మాట్లాడుకున్న మనిషి. అందరి మొహాలూ చూశాను. నాన్నకి తెలుసు. అమ్మకి తెలుసు. అమ్మమ్మకి ముందునుంచీ తెలుసు. జెయింట్ వీలు వదులుకుని, అన్నం మాని, నేను కొట్లాడి సాధించిన ప్లాను మొదట్నుంచీ పిన్ని మొక్కే. ఆ ఆపరేటరు అక్కకీ తెలుసేమో.

నేను ఇంకేదో అనబోతుంటే అమ్మమ్మ కేక పెట్టింది.

"ఓలమ్మో, పులిహోర! ఏటి సేత్తన్నావే నువ్వు?"

"కాపలా కాస్తున్నాను" అన్నాను.

ఆ రాత్రి అరకులో వాచ్‌మన్ వండిన కోడి అందరూ తిన్నారు. ఆదివారం తోటలూ చూశారట. నేను గెస్ట్‌హౌస్ గదిలోంచి కదల్లేదు.

ఏడాది తిరక్కుండా పిన్నికి కూతురు పుట్టింది. శివుడిచ్చాడంటారు, ఇచ్చే ఉంటాడు, నాకు ఆ గుంటంటే ప్రాణమే. ఫోను మోగితే మాత్రం ఇప్పుడు అమ్మే ఎత్తుతుంది. "ఇంకా కోపమేటే, ఓ పులిహోర గిన్నెకి?" అంటుంది అమ్మమ్మ.

పులిహోరకి కాదు. ఆ సొరంగంలో, ఆ చీకట్లోనే, "నాకీ మొక్కుంది, నా కోసం ఆగుతావా?" అని ఒక్కమాట అడిగుంటే నేనే బయట కూర్చునేదాన్ని. కర్ర పట్టుకుని కోతుల్ని కూడా తోలేదాన్ని. అడగలేదు. నా మాట తీసుకెళ్ళి అమ్మమ్మ చెవిలో వేసింది. ముట్టుకోవద్దన్నారు, నేను ముట్టుకోలేదు. ఇందులో నా తప్పెక్కడుందో, మీరైనా చూపించగలరా?