పరీక్షకొచ్చినాయనకు అమ్మ ఇచ్చిన చాయ్

ఆ ఉదయం నిద్రలోనే అన్నీ విన్నాను. రేకుల మీద వాన. వరండాలో కుర్చీ లాగిన చప్పుడు. గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. కలలో నేను సముద్రం మీద సైకిలు తొక్కుతున్నాను. నీళ్లు టైర్ల కింద చల్లగా, గట్టిగా ఉన్నాయి. ఒడ్డున అమ్మ ఎవరికో చాయ్ ఇస్తోంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! లేవబుద్ధి కాలేదు.

లేచేసరికి ఆరుంపావు. వరండాలో స్టూలు మీద ఖాళీ గ్లాసు.

“ఎవరమ్మా వచ్చింది?”

“ఎవడో మెయిన్‌ల్యాండ్ భయ్యా. నీకోసం అడిగినాడు. కాళ్లు నొప్పులని రాత్రంతా మూలిగినావు కదా, ఎక్కడ లేపీస్తాడోనని ‘బేటీ ఘర్ మే నహీఁ హై’, పిల్ల ఇంట్లో లేదు అని చెప్పీసాను. ఐనా కదలడే! పాపం, గంటసేపు అలాగే కూకున్నాడు. చాయ్ ఇచ్చీసాను.”

ఫోన్ పట్టుకుని వరండాలోకి పరిగెత్తాను.

నేను సైకిల్ పందేలలో దేశం తరఫున తొక్కేదాన్ని. మాలాంటివాళ్లం రోజూ ఒక గంట, ఒక చోటు ముందే రాసివ్వాలి. ఆ గంటలో డోపింగ్ పరీక్షవాళ్లు చెప్పాపెట్టకుండా వస్తారు. మా దీవుల్లో అయిదుకే తెల్లారిపోతుంది గనక, అయిదు నుంచి ఆరు వరకు, డిగ్నాబాద్‌లో మా ఇల్లు అని రాశాను. ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే, ఒంట్లో ఏ మందూ లేకపోయినా సరే, రెండేళ్లు పోటీలు బంద్.

నాకు అప్పటికే రెండయ్యాయి. సముద్రం బాగోక ఓడ ఆగిపోయి మాయాబందర్‌లో చిక్కుకున్నప్పుడు ఒకటి. వండూర్‌లో స్నేహితురాలి ఇంట్లో పడుకుని, చోటు మార్చి రాయడం మర్చిపోయినప్పుడు రెండోది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మ కంగారుపడుతుందని అనుకున్నాను. నిజానికి తిడుతుందని భయం.

ఆయన చివర్లో ఫోన్ కూడా చేశాడట. మా ఇంట్లో సిగ్నల్ వరండా దాటి లోపలికి రాదు.

విచారణ వీడియోలో జరిగింది. ఆ వరండాలోనే, ఆ స్టూలు మీదే ఫోన్ నిలబెట్టాం. అమ్మ పెళ్లిళ్లకు కట్టే పట్టుచీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. బయట మళ్లీ వాన. తెరమీద పెద్దల మొహాలు నీళ్లలోంచి చూసినట్టు అలలాడుతున్నాయి. వాళ్లలో ఒకాయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“పరీక్షకు మనుషులు రావచ్చని మీ అమ్మగారికి ముందే చెప్పారా?”

చెప్పి ఉంటే తప్పు నాది కాదు, బయటపడొచ్చు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

“చెప్పింది సార్, చాలాసార్లు చెప్పింది. మై హీ భూల్ గయీ, నేనే మర్చిపోయినాను. నాది మట్టి బుర్ర.”

అంటూనే నా మోకాలు గట్టిగా నొక్కింది. ఆ క్షణం ఎంత పొడుగ్గా సాగిందో! వాన చప్పుడులో మళ్లీ ఆ కలలోకి జారిపోతున్నాననిపించింది. నోరు మూసుకుంటే చాలు, నీళ్ల మీద హాయిగా తొక్కుకుంటూ పోవచ్చు. అమ్మ చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది.

“లేదు సార్,” అన్నాను. “అమ్మకు నేనేమీ చెప్పలేదు.”

నాకు రెండేళ్లు పోటీలు బంద్ చేశారు. ఆ సాయంత్రం అమ్మ చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“ఇంకా ఏటి దాచినావే నా దగ్గర?”

అప్పుడు ఏడ్చాను.