చూరులో దోపిన ఉత్తరం

పోయిన రచయితల చేతిరాత ఉత్తరాలు పోగుచెయ్యడం నాకు పిచ్చి. తొంభైల మొదట్లో తెనాలి కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం వస్తే సంచీ తగిలించుకుని ఊళ్ల మీద పడేదాన్ని. బాపట్లలో ఒకాయన, "ఉత్తరాలేంటమ్మా, కథలు అచ్చయ్యాయిగా, అవి చదువుకో" అన్నాడు. "రాసేటప్పుడు చెయ్యి వణికిందో లేదో అచ్చులో తెలుస్తుందాండీ?" అని పావుగంట వాదించి, ఆయన కట్టలోంచి రెండు కార్డులు పట్టుకునే లేచాను.

ఎంత తిరిగినా ఒక్కరి ఉత్తరం మాత్రం దొరకలేదు. నేను తెలుగు చదవడానికి కారణమైన కథకుడిది. ఆయన స్నేహితుడి భార్య రేపల్లెలో ఉందని తెలిసి పాసింజరెక్కాను.

డెబ్బై దాటిన ఆవిడ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఒకటుందమ్మాయ్. ఇంట్లో లేదు, గొడ్ల కొట్టం చూరులో దోపాను. వాళ్లమ్మ పోయిందని రాశాడు. మా ఆయన మొదటి ముక్క చదివి, చించెయ్యమని నూతి దగ్గరికి స్నానానికి పోయారు. ఆ అక్షరాలు చూస్తే ముగ్గు పెట్టినట్టున్నాయి. చెయ్యాడలేదు."

చావు కబురు ఉత్తరం చదవగానే చించెయ్యాలి, గడప దాటి ఇంట్లోకి రానివ్వకూడదు. మా ఇళ్లలోనూ అంతే.

"కాగితానికి మైలేంటి పిన్నిగారూ?"

"నువ్వు చదువుకున్నదానివి, నీకు చెల్లుతుంది. తీసుకుపో. పోయేముందు ఒకసారి చదువు. తక్కింది నేనూ చూళ్లేదు."

స్టూలెక్కి తీశాను. అంచులు చెదలు తిన్నా అక్షరాలు బాగానే ఉన్నాయి. కొట్టంలోనే నిలబడి ఆవిడకి వినబడేలా చదివాను. రెండో పేజీలో, చివరి పది రోజులూ వాళ్లమ్మకి ఇంకేమీ సయించలేదనీ, ఈవిడ పంపిన దోసావకాయే అడిగి అడిగి తిన్నదనీ, సిగ్గు విడిచి అడుగుతున్నాననీ, తనకోసం ఇంకో జాడీ పంపించమనీ రాశాడు.

"మళ్లీ చదువు."

మూడుసార్లు చదివించుకుంది. "మా ఆయన బతికున్నన్నాళ్లూ ఉప్పెక్కువని దెప్పారే" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని, దాని దుమ్ము పైటతో తుడుస్తూ ఇంట్లోకి నడిచింది.

"పిన్నిగారూ, ఇస్తానన్నారు."

"చావు కబురు ఇస్తానన్నాను. ఇది నా ఊరగాయ ఉత్తరం."

"గడప దాటొచ్చాండీ మరి?"

"కాగితానికి మైలేంటని నువ్వేగా అన్నావు."

సంచీలోంచి నోటుబుక్కు తీశాను. నకలు రాసుకోనిచ్చింది, అదే పదివేలు. సాయంత్రం బండిదాకా రాస్తూ కూర్చున్నాను. నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"ఆ దోసావకాయ ముక్క కాస్త పెద్దక్షరాలతో రాయమ్మాయ్" అంది.

రాశాను.