దండలు పడ్డ నా మొదటి బొమ్మల ప్రదర్శన

సౌదీలోని దమ్మామ్‌లో నా ఉద్యోగం గోదాముల గోడల మీద హెచ్చరికలు రాయడం. ‘పొగ తాగరాదు’ అని అరబ్బీలో ఎంత ముద్దుగా రాస్తానంటే, జనం వచ్చి సరిగ్గా దాని కిందే నిలబడి సిగరెట్టు ముట్టిస్తారు. నాకు అరబ్బీ రాదు, అది వేరే సంగతి. ఏడో తరగతిలోనే బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. ఏ భాష అక్షరమైనా నాకు బొమ్మే.

డబ్బాల అడుగున మిగిలిన రంగులతో, మేముండే లేబర్ క్యాంపులో మావాళ్ల బొమ్మలు వేసేవాణ్ణి. ఎదురుగా కూర్చోమంటే ఎవడూ కూర్చోడు. డ్యూటీ నుంచి వచ్చినవాడు కూర్చుంటే నిద్రపోతాడు. అందుకని ప్రతివాడి ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు, తీసుకుని, దాని మీది ఫొటో చూసి వేశాను. ఆ కార్డు జేబులో లేకపోతే ఈ దేశంలో మనం లేనట్టే. ఉంటే మాత్రం ఏం, ఆ ఫొటోలో బతికున్నట్టు కనిపించిన మనిషిని నేనింతవరకు చూడలేదు. వెనక తెల్లటి గోడ, బిగించిన మూతి, బస్సు వెళ్లిపోయాక స్టాపులో నిలబడ్డవాడి చూపు.

ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే గోదావరి జిల్లా సిస్టర్ ఒకావిడ నా బొమ్మల గురించి ఎవరి ద్వారానో విన్నారు. శుక్రవారం క్యాంపుకొచ్చి చూస్తాననీ, బాగుంటే తెలుగు కుటుంబాల వేడుకలో హాలు నిండా పెట్టిస్తాననీ కబురు పంపారు. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు అన్నం ఎక్కలేదు. ఇన్నేళ్లూ నా చేతిరాత చూసి జనం ఆగారంటే అక్కడ కరెంటు తీగో, గుంటో ఉందనే. ఒక్కసారి బొమ్మ చూసి ఆగితే బాగుండునని ఆశ.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాల్లో ప్రదర్శన. గోడకు మేకు కొట్టొద్దని క్యాంపు బాసు షరతు పెడితే, కిటికీ ఊచలకు తాళ్లు కట్టి బొమ్మలు వేలాడదీశాను. మా గదిలో ఉండే జగిత్యాల ఎలక్ట్రీషియన్ నన్ను తరిమాడు.

“నువ్ గేటుకాడికి పోయి సిస్టర్‌ను తోల్కరా మామా. ఈడ డెకరేషన్ నేను జూస్కుంట.”

ఈ మాట అన్నవాణ్ణి నమ్మకూడదు. నేను నమ్మాను.

సిస్టర్‌నీ, ఆవిడ భర్తనీ తీసుకుని లోపలికి వచ్చేసరికి ప్రతి బొమ్మకూ ఒక ప్లాస్టిక్ బంతిపూల దండ ఉంది. దండ పైన చిన్న ఎర్ర బల్బు ఉంది. కింద బల్ల మీద అరటిపండుకు గుచ్చిన అగరుబత్తులు పొగలు కక్కుతున్నాయి.

సిస్టర్ గుమ్మంలోనే చెప్పులు విడిచి, చున్నీ తల మీదికి లాక్కున్నారు.

“ఇంతమందా నాయనా,” అన్నారు మెల్లగా. “ప్రార్థన చేసుకుందామండీ.”

ఆవిడ కళ్లు మూసుకున్నారు. భర్త మూసుకున్నాడు. వంటింట్లోంచి చాయ్ తెస్తున్న మావాళ్లు కూడా, ఏ ప్రార్థనైతేనేం పుణ్యమే కదా అని, వరసగా నిలబడి మూసుకున్నారు. పరాయి దేశంలో రాలిపోయిన ఈ బిడ్డల కుటుంబాలను ఆదుకోమని ఆవిడ దేవుణ్ణి వేడుకుంటుంటే, రాలిపోయిన బిడ్డలందరూ కలిసి ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా మా వంటాయన.

ఆవిడ కళ్లు తెరిచేసరికి వంటాయన సరిగ్గా తన బొమ్మ పక్కన ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ బొమ్మని చూశారు, ఆయన్ని చూశారు, మళ్లీ బొమ్మని చూశారు.

“మీ అన్నగారా అండీ?”

“నేనే సిస్టర్. చాయ్ తీస్కోండ్రి.”

సిస్టర్ భర్త దగ్గర్లో ఉన్న కుర్చీ చూసుకుని కూలబడ్డాడు.

నేను ఎలక్ట్రీషియన్‌ని మూలకు లాగాను. “దండలెందుకేసినవ్ రా?”

“సన్మానం మామా. మంత్రులకు ఎయ్యరా?”

“బల్బులు?”

“లైటింగ్ లేకుంట ఎగ్జిబిషన్ ఏంది?”

“మరి ఊదుబత్తులు?”

“పొద్దున చేపలొండిన్రు గదా. వాసన.”

విడివిడిగా చూస్తే ఒక్కదానిలోనూ తప్పులేదు. కలిపి చూస్తేనే సంవత్సరీకం.

ఈలోపు వంటాయన ఫోను మోగింది. హాలు బాగుందని మురిసి, దండేసిన తన బొమ్మను ఫొటో తీసి ఇంటికి పంపాడట. అవతల భార్య గొంతు హాలంతా వినబడింది. “నువ్ గట్టిగున్నవ్ గదా? అయితే బతికున్నోనికి దండేసిన ఆ పెయింటర్‌కియ్యి ఫోను.”

ఇచ్చాడు. నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను, అవి కొత్తగా ఉన్నాయి, దాచుకుంటాను.

వేడుకా లేదు, హాలూ లేదు అనుకుంటూ దండలు ఒక్కొక్కటీ తీశాను. సిస్టర్ మాత్రం వెళ్లలేదు. ఒక్కో బొమ్మ ముందూ ఆగారు. నిజంగానే ఆగారు. చివరికి వంటాయన బొమ్మ దగ్గర తల అడ్డంగా ఊపారు.

“దండ తీసినా పోయినట్టే ఉన్నారండీ ఈయన.”

నేను ఆ బొమ్మ తాడు విప్పబోతుంటే ఆవిడ ఆపారు.

“కానీ మనిషిని పక్కన పెట్టుకుని చూస్తే భలే ఉందండీ, నవ్వాపుకోలేకపోతున్నాను. వేడుకలో ప్రతి బొమ్మ పక్కనా ఆ మనిషి నిలబడాలి. ఒప్పుకుంటే హాలు మీదే.”

అందరి తరఫునా నేనే ఒప్పేసుకున్నాను. వంటాయనకు మాత్రం అనుమానం తీరలేదు.

“నిలవడుతం గని సిస్టర్, నవ్వాల్నా, కార్డుల ఉన్నట్టే ఉండాల్నా?”

“ఊపిరి తీసుకుంటూ కనబడితే చాలండీ,” అన్నారావిడ.