సోమనర్సయ్య సారు నోటిపరీక్ష

పిల్లల అసైన్‌మెంట్లన్నీ ఫోన్లోని ఏఐ రాసిపెడుతోందని తేలాక, మానుకోట డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే సోమనర్సయ్య సారు కాగితాన్ని రద్దుచేసి నోటిపరీక్ష ప్రకటించారు. ఎవరి బుర్రలో ఉన్నది వాళ్ల నోటివెంటే రావాలి. ఇంటర్నల్ మార్కులు దాన్నిబట్టే. ఏర్పాటు ఘనమైనదే. అయితే ఏళ్ల తరబడి నోట్సు చెప్పి రాయించిన నోరు సారుది. ఎదుటివాళ్ల వాక్యం సగంలో ఆగితే, వచ్చిన తుమ్ము ఆగిపోయినట్టు విలవిల్లాడతారు. కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, గాలిలో వేలు తిప్పుతూ మిగతాది తామే పూరిస్తారు. ఈ సంగతి కనిపెట్టిన ఐలేశ్, "ద్రవ్యోల్బణం అంటే సార్..." అని వినయంగా ఆగాడు. సారు నిర్వచనం, కారణాలు, నివారణ వరసగా చెప్పి, "శభాష్ బిడ్డా" అని పదికి పది వేశారు. వెనకున్నవాళ్లూ అదే పద్ధతిలో గట్టెక్కారు.

చివరికి, నిజంగానే చదువుకొచ్చిన బయ్యారం పిల్ల ఎస్తేరు వంతు వచ్చింది. "సార్, అందరియి మీరే చెప్తిరి. నాదన్న నన్ను చెప్పనియ్యుండ్రి. లేకుంటే ఐలేశ్‌కు నాకు ఫరక్ ఏముంది?" సారు ఉలిక్కిపడి, చేతిరుమాలు మడిచి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎస్తేరు సంతలో కందిపప్పు ధర దగ్గర మొదలుపెట్టి చక్కగా చెప్పుకుపోయింది. నిగ్రహం వల్ల సారు కళ్లు చెమర్చాయి. చివరి వాక్యం మధ్యలో ఆమె ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. మిగతా సగం రుమాలులోంచి వినిపించింది.