జగ్గయ్యపేట నక్షత్రం, నందిగామ పతకం

రాజులు పరదేశపు రాయబారులకు ఇచ్చే బిరుదు పతకాలు పోగుచేయడం నా పిచ్చి. వృత్తికి విజయవాడలో పళ్ల డాక్టర్ని. "ఎవరి మెళ్లోనో వేసినవి మీకెందుకండీ?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. పెద్ద బిరుదైతే రెండు ముక్కలుంటాయి. రొమ్ముకు పెట్టుకునే నక్షత్రం ఒకటి, భుజం మీదుగా వేసుకునే పట్టు పట్టీకి వేలాడే పతకం ఒకటి. రెండూ ఉంటేనే జత. అలాంటి జత నా దగ్గర ఒక్కటీ లేదు. అందుకే జగ్గయ్యపేట నుంచి సుశీలమ్మ గారని ఒకావిడ ఫోన్ చేసి, "మావారు పరదేశంలో రాయబారిగా పనిచేసి వచ్చేటప్పుడు అక్కడి రాజుగారిచ్చారండి, వచ్చి చూసుకోండి" అనగానే, ఆదివారం పొద్దున్న ఏడింటి బస్సెక్కేశాను.

పక్క సీటాయన పెనుగంచిప్రోలు మిర్చి రైతు. పేటలో ఏం పనని అడిగితే పతకం కొనడానికన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "బంగారానికి అందరూ బెజవాడ పోతారు. మీరేంటండీ ఎదురొస్తున్నారు?"

నేనెక్కిన బస్సు పేట లోపలికి వెళ్లదట. చిల్లకల్లు దగ్గర దింపేసింది. మీరు వెళ్తే ముందే కండక్టర్ని అడగండి. అక్కడే ఇడ్లీ తిని, షేర్ ఆటోలో తొమ్మిదిన్నరకి ఇల్లు చేరాను.

సుశీలమ్మ గారు కాఫీ ఇచ్చి, స్టీలు డబ్బా మూత తీశారు. పాత చీర ముక్కలో నక్షత్రం! తిప్పి చూశాను. వెనక తయారీదారు ముద్ర స్పష్టంగా ఉంది. అంచున చిన్న గీత తప్ప వంక పెట్టడానికేం లేదు.

"పతకం ఏదమ్మా?"

"నందిగామలో మా ఆడపడుచు దగ్గరుందండి. ఆయన పోయాక మా అత్తగారు, అన్న గుర్తుగా చెల్లెలికీ ఒకటుండాలని పంచేశారు. అసలుది అటు పోయింది. ఇది ఉత్త డూప్లికేటు. తీసుకెళ్లిపోండి, చూస్తుంటే ఒళ్లు మండుతోంది."

నాకు అయోమయంగా అనిపించింది. నా కళ్లకది నిఖార్సయినది. డూప్లికేటని ఎవరన్నారంటే, "తెలిసినవాళ్లే చెప్పారు లెండి" అని మూత పెట్టేశారు. నేనే పొరబడ్డానా? అనుమానం పట్టుకుంది. అదీ చూసి చెప్తానని, చేతికొచ్చినదాన్ని అక్కడే వదిలి బయల్దేరాను.

పదకొండున్నరకి నందిగామ. ఆడపడుచు రాజ్యం గారిల్లు బస్టాండుకి దగ్గరే. ఆవిడ బీరువాలోంచి పతకం, దాని నీలం పట్టీ తెచ్చి బల్ల మీద పడేశారు. అది కూడా నిఖార్సయినదే!

"వదిన పంపిందా మిమ్మల్ని? అసలుది తను ఉంచుకుని, మా అమ్మ చేత నాకీ నకిలీ అంటగట్టించింది. ఊరికే ఇస్తా, పట్టుకుపోండి."

"నకిలీ అని ఎలా తెలిసిందండీ?"

"కంసాలి చేత గీటు పెట్టించానండి. లోపలంతా వెండి, పైన బంగారు పూత! ఎంత చెడ్డా రాజు కదా, వెండి ఇస్తాడా?"

అప్పుడు నక్షత్రం అంచున చూసిన గీత గుర్తొచ్చింది. సుశీలమ్మ గారూ కంసాలి దగ్గరికి వెళ్లారన్నమాట! నేను నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి జత నా అల్మరాలో ఉంటుంది. రాజ్యం గారిచ్చిన మజ్జిగ అయిపోయేదాకా మూసుకునే కూర్చున్నాను. నకిలీ అని పేరుపడ్డదాన్ని ఇంటికి తీసుకెళ్లడం ఇష్టం లేకో, మరెందుకో, గ్లాసు కింద పెట్టి చెప్పేశాను. "రాజులు వెండివే ఇస్తారమ్మా. పైన పూతే వేయిస్తారు. మీ ఇద్దరివీ అసలువే."

ఆవిడ బల్ల మీది పతకం మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "అయితే వదిన నన్ను మోసం చెయ్యలేదా? ఇన్నేళ్లూ ఆ గుమ్మం తొక్కలేదండి నేను." కళ్లనిండా నీళ్లు.

పావుగంటలో ఇంటికి తాళం వేసి, పతకం చేతిసంచిలో పెట్టుకుని, నాతోపాటే బస్టాండుకొచ్చి పేట బస్సెక్కేశారు. నేను రెండు అరటిపళ్లు కొనుక్కుని బెజవాడ బస్సెక్కాను. జత కోసం వెళ్లి జతను కలిపి వచ్చాను, చెయ్యి మాత్రం ఖాళీ. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ దారిన పతకాలకి వెళ్లేవాళ్లకి నేనిచ్చే సలహా ఏమీ లేదు.

ఇబ్రహీంపట్నం దాటుతుండగా సుశీలమ్మ గారి ఫోన్. "ఏవండీ, పట్టీ ఏ భుజం మీంచి వెయ్యాలి? మా రాజ్యం ఎడమంటుంది, నేను కుడంటున్నా."

"కుడే అమ్మా. నక్షత్రం ఎడం వైపు."

"అంటే రెండూ ఒక్క మనిషే పెట్టుకోవాలా?"

"అవునమ్మా, ఒక్కళ్లే."

అటునుంచి రాజ్యం గారి గొంతు వినిపించింది. "లే వదినా, నిలబడు. నీకే పెడతా."

వాళ్లు ఫోన్ కట్టెయ్యడం మర్చిపోయారు. గొల్లపూడి వచ్చేదాకా వింటూనే ఉన్నాను.