కుక్కలవ్వ నేర్పిన నిద్ర

పక్కింటామె పోయిందని తెలిసేటప్పటికి నేను ఆళ్లగడ్డలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. నా కూతురి బట్టలు సంచిలో సర్దుతున్నాను. నంద్యాల నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "మే, కుక్కలామె పోయిందంట. పొద్దున పాలాయన ఎంత పిలిచినా పలకలేదంట" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెలల తరబడి నా ప్రాణం తోడేసి, సరిగ్గా నేను పాపను ఇంటికి తెచ్చుకునే రోజు చూసుకుని పోయింది. మనం ఒక మాట అందామని నోరు తెరిచేలోపు తలుపు వేసుకోవడం ఆమెకు మొదటి నుంచీ అలవాటే.

"నిద్రలో పోయింది, అదృష్టవంతురాలు. ఏమీ తెలియకుండా పోయింది" అని మా వీధంతా అంటోంది. ఆ రెండో మాట నేను ఒప్పుకోను. నిద్రలో తనకేం జరుగుతోందో ఆమెకు బాగా తెలిసేది. ఆ విద్యే నాకూ నేర్పింది. పొగడటానికి ఇది రాయడం లేదు, ఆమె మీద నా కోపం ఇంకా అలాగే ఉంది. అయితే ఆమె గురించి రాయగలిగినంత తెలిసింది వీధిలో నాకొక్కదానికే. తప్పించుకోలేక రాస్తున్నాను.

ఆమె నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు. ఆమె ఇంటి ముందు ఎవరు బండి ఆపినా "ముందుకు జరుగు, ముందుకు జరుగు" అని కేకలు వేసేది. తోడు ఎవరూ లేరు. ఫోనులో వీడియోలు వీధి చివరిదాకా వినపడేటట్టు పెట్టుకునేది. పొద్దున, సాయంత్రం గేటు ముందు కుక్కలకు అన్నం పెట్టేది. నా కూతురే ఆమెకు కుక్కలవ్వ అని పేరు పెట్టింది.

ఆ కుక్కల్లో నల్లది పోయిన వానాకాలంలో నా కూతురి పిక్క పట్టుకుంది. పాప ట్యూషన్ నుంచి వస్తూ దాని పిల్లల దగ్గరికి వెళ్లిందట. సూదులన్నీ వేయించి, గాయం మానే వరకు నేను మనిషిని కాలేదు. గేటు దగ్గరికి పోయి అడిగితే, "పిల్లల తల్లి కాడికి పోతే కరవకుండా ముద్దు పెట్టుకుంటాదా?" అని లోపలికి వెళ్లిపోయింది. క్షమించమ్మా అన్న మాట లేదు. పాప ఎట్లుందని అడిగింది లేదు. ఆ రోజు నుంచి ఆమె కనపడితే నేను మొహం తిప్పుకున్నాను.

పాప మరిచిపోయింది గానీ నేను మరవలేకపోయాను. మా ఆయనకు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు, అందుకని పాప నా పక్కనే పడుకునేది. కలలో కుక్కలు పాప చుట్టూ మూగేవి, నేను కర్ర తీసుకుని కొట్టేదాన్ని. ఒకసారి పాప కెవ్వుమంటే లేచాను. కలలో కుక్కను కొట్టిన దెబ్బ నా బిడ్డ మొహం మీద పడింది. పెదవి చిట్లింది. మళ్లీ అట్లాగే అయ్యాక, "నీ కాడ పడుకోనమ్మా" అంది. దానికి వేరే మంచం వేస్తే, నా అరుపులకు అక్కడా నిద్రపోలేదు. మా అమ్మ వచ్చి ఆళ్లగడ్డకు తీసుకుపోయింది, అక్కడే బడిలో వేసింది. డాక్టరు మాత్రలిచ్చాడు. మత్తు వచ్చేది, కుక్కలూ వచ్చేవి.

చెడ్డ కల వస్తే పారే నీళ్లకు చెప్పాలని మా అమ్మ చిన్నప్పుడు నేర్పింది. ఊళ్లో అయితే ఏటికి పోవచ్చు, నంద్యాలలో పారే నీళ్లంటే మా ఇంటి ముందు మురుగుకాలువే. దిక్కులేక పొద్దున్నే లేచి దాని గట్టున కూర్చుని గొణిగేదాన్ని. ఆ కాలువ మా ఇల్లు దాటి నేరుగా ఆమె గేటు ముందు నుంచి పోతుంది. ఒకరోజు పట్టుకుంది.

"ఏమ్మే, ఏం చేస్తాండావ్ ఆడ? నీ పీడకలలన్నీ నా గడప ముందుకు తోల్తాండావా?"

"మీ కుక్కలే అవి. మీ సొమ్ము మీ గడపకే పంపిస్తున్నా" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పెదవి చిట్లిన సంగతి, పాప ఆళ్లగడ్డకు పోయిన సంగతి అన్నీ ఆ కోపంలోనే బయటపడ్డాయి. ఆమె గొడవకు దిగుతుందనుకున్నాను.

"ఎన్నొస్తాండాయి?" అంది.

"ఏందీ?"

"కుక్కలు. కలలో ఎన్నొస్తాండాయి?"

తెలీదన్నాను. "రోజూ వచ్చేటివి ఎన్నో కూడా చూడకుండా అరస్తాండావా? రేపు చూసి చెప్పు. లేస్తానే దొర్లాకు, ఒళ్లు కదిలిస్తే కల జారిపోతాది. కదలకుండా పడుకుని అంతా గుర్తు తెచ్చుకో, అప్పుడు లెయ్" అని వెళ్లిపోయింది.

మరునాడు గోడ దగ్గరికి వచ్చి నిజంగానే అడిగింది. చెప్పకపోతే పేరు పెట్టి కేకలు వేస్తుంది, వీధంతా వింటుంది. అందుకని చెప్పాను. ఆ తర్వాత రోజూ చెప్పాను. మా ఇద్దరికీ పడదు, కానీ తెల్లారితే నా కలలు ఆమెకు అప్పజెప్పాలి. వింటూ వెక్కిరించేది. "ఆ కర్ర యాడిది? నీ ఇంట్లో కర్రే లేదే?" అనేది. అట్లా అడుగుతూ పోతే కల ముక్కలు ముక్కలుగా గుర్తుండటం మొదలైంది.

ఇదంతా ఆమె ఫోనులో చూసి నేర్చుకుందట. ఇంగ్లీషులో లూసిడ్ డ్రీమింగ్ అంటారని చెప్పి, తనే దానికి "కలలో తెలివి తెచ్చుకునేది" అని పేరు పెట్టుకుంది. ఎందుకు నేర్చుకున్నావంటే సిగ్గు లేకుండా చెప్పింది. షుగరు వచ్చాక భక్షాలు, అవే బొబ్బట్లు, మానేయాల్సి వచ్చిందట. "కలలో నెయ్యేసుకుని తిన్నా మే. పొద్దున షుగరు చూపించుకుంటే పెరగలా" అని మురిసిపోయింది.

తరువాతి పాఠం ముక్కు. పగలు ఎక్కడ కుక్క కనపడినా ఆగి, ఇది కలా నిజమా అని నన్ను నేను అడగాలి. ముక్కు మూసుకుని ఊపిరి పీల్చి చూడాలి. నిజమైతే ఊపిరాడదు, కలైతే ఆడుతుంది. పగలు అలవాటైతే రాత్రీ చేస్తామట. నంద్యాలలో అడుగడుక్కీ కుక్కే. సంతలో, బస్టాండులో, బడి ముందు నేను ముక్కు పట్టుకుని నిలబడితే చేపలమ్మే ఆమె తన చేపలు కంపు కొడుతున్నాయని ముక్కు మూసుకున్నాననుకుని నాతో గొడవ పెట్టుకుంది. పడుకునే ముందు "ఈసారి కుక్కలొస్తే ఇది కలని తెలుసుకుంటా" అని నాకు నేను చెప్పుకోవాలి. అదీ చేశాను. ఫలితం లేదు. కలలో ముక్కు గుర్తుకొస్తేగా!

"నీ వల్ల నా నిద్ర కూడా పోయింది" అని ఆమెనే తిట్టాను.

"బస్సు నువ్వు తోలకపోయినా, స్టాపు అడిగే హక్కు నీకుండాది. అడగడం రాకపాయె నీకు" అని ఆమె నన్ను తిట్టింది.

ఆ వారంలోనే గేటు ముందు నల్లది కనపడటం మానేసింది. ఏదని అడిగాను. గడివేములలో తమ్ముని చేను కాడికి పంపిందట. ఆ నల్లది ఆమె గడప మీద పడుకునేది, జ్వరమొస్తే ఆమె కాళ్ల దగ్గర నుంచి కదిలేది కాదు. ఎందుకు పంపావన్నాను.

"ముక్కు గుర్తు రాకపాయె కదా నీకు? ఇంగ ఇది గుర్తు పెట్టుకో. నల్లది ఈ వీధిలో లేదు. కనపడిందంటే అది కలే" అంది. "కలని తెలిసినాక సంబరపడాకు, సంబరపడితే మెలకువొస్తాది. రెండు చేతులూ రుద్దుకో. చేతులకు పని చెప్తే కొట్టవు."

దాన్ని క్షమాపణ అనుకోవాలని మా అమ్మ అంటుంది. నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. నోరు తెరిచి ఒక్క మాట అనడానికి ఆమెకేం పోయింది?

కొన్నాళ్లకు నల్లది వచ్చింది. పళ్లు బయటపెట్టి వచ్చింది. ఇది గడివేములలో ఉండాలి కదా అనిపించింది. ముక్కు మూసుకుంటే చల్లగా ఊపిరి లోపలికి వచ్చింది. చేతులు రుద్దుకుంటూ వెనక్కి చూశాను. పాప లేదు. పాప ఆళ్లగడ్డలో మా అమ్మ పక్కన పడుకుని ఉంది కదా, ఇక నేను ఎవరిని కాపాడాలి, ఎవరిని కొట్టాలి? రోడ్డు మీదే కూర్చున్నాను. కుక్కలు కాసేపు చూసి వాటి దారిన అవి పోయాయి.

పొద్దున గోడ దగ్గర చెప్తే, "ఇన్నాళ్లు పట్టింది నీకు. ఇంకో వారం చూసి పాపను తెచ్చుకో" అని తలుపు వేసుకుంది. ఆ వారం తర్వాతే నేను ఆళ్లగడ్డకు వెళ్లింది.

గడివేముల తమ్ముడు వచ్చి దినాలు చేసిపోయాడు. పాప నా పక్కనే పడుకుంటోంది. మొదట్లో గోడ వైపు ముడుచుకుని పడుకునేది, నేను కదిలితే ఉలిక్కిపడేది. నాకూ భయంగానే ఉండేది.

మొన్న కల వచ్చింది. పక్కింటామె తన గడప మీద కూర్చుని ఉంది. "రా తల్లీ, కూచో. పాప అన్నం తిన్నాదా?" అంది. ఆ మనిషి జన్మలో నన్ను తల్లీ అనలేదు. ముక్కు పట్టుకోవాల్సిన పని లేకపోయింది. కలలో ఎవరినైనా ఏమైనా అనొచ్చు కదా, ఏడాదిగా దాచుకున్నదంతా అరిచాను. నా బిడ్డ కాలు చూడటానికైనా రాలేదు కదా నువ్వు అన్నాను. ఆమె నవ్వుతూ వింది. నేను తట్టుకోలేకపోయాను.

"తిట్టు పెద్దమ్మా, ఒక్కసారి తిట్టు" అన్నాను.

తిట్టలేదు. ఏడుస్తూ మేలుకున్నాను. తెల్లవారుతోంది. కదలకుండా అలాగే పడుకున్నాను. నా చెయ్యి పాప పొట్ట మీద ఉంది, దాని ఊపిరికి లేస్తూ, దిగుతూ ఉంది.