టకటకల కోసం హారిసన్ దాకా

గురువారం పొద్దున ఐదూ నలభైకి సిడ్నీ శివారులోని టల్లవాంగ్ స్టేషన్లో మెట్రో ఎక్కాను. ద పాండ్స్‌లో మా ఇంటి నుంచి అక్కడికి కారులో ఎనిమిది నిమిషాలు. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం. దింపడానికి వచ్చిన మా ఆయన, "ఒక్క కీబోర్డు కోసం కాన్‌బెర్రా దాకానా? పారమట్టాలో ఏ షాపుకెళ్ళినా ఇరవై డాలర్లకి పడేస్తాడు గదా" అని ఆ పూటకి మూడోసారి అన్నారు. నేను మూడోసారి వినిపించుకోలేదు.

పారమట్టాలో నా ఆఫీసు ఉంది. అక్కడి షాపుల్లో దొరికేవేమిటో నాకు తెలుసు. నేను టైపు నేర్చుకున్నది ఒంగోల్లో, ఇనుప మిషన్ మీద. చిటికెన వేలితో ఒక అక్షరం కొట్టాలంటే భుజం నుంచి బలం రావాలి. అలా తయారైన వేళ్ళకి ఇప్పటి పలచటి కీబోర్డు ఇస్తే అప్పడం మీద గుద్దినట్టే ఉంటుంది. అక్షరం పడిందో లేదో తలెత్తి చూసుకోవాలి. పాత కంప్యూటర్ల కీబోర్డులు అలా కాదు. ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కగానే టక్కుమని వేలికి జవాబు చెబుతుంది. అలాంటిదొకటి చాలా ఏళ్ళు నా దగ్గర ఉండేది. మన సంఘం పత్రికకి నేను రాసిన యాత్రలన్నీ దాని మీద కొట్టినవే. మార్చిలో మా ఆయన చేతిలోంచి కాఫీ కప్పు జారి దాని మీద పడింది. పొరపాటున జారిందన్నారు. నేను నమ్మినట్టు నటించాను.

అప్పటినుంచి ఒక్క పేజీ రాయలేదు. నవ్వులాటగా చెబుతున్నాను గానీ నిజానికి నాకు భయం వేసింది. రాయడమే నాకు చేతనైన అల్లరి. అది కాస్తా వేళ్ళ చివర ఆగిపోయి మూడు నెలలైంది.

ఇలా ఉండగా ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో ఫోటో కనిపించింది. పాలమీగడ రంగు తిరిగిన, వడ్లబస్తా అంత దిట్టమైన కీబోర్డు. కింద, "ఓల్డ్ కీబోర్డ్. వెరీ హెవీ, వెరీ నాయిసీ. ఫిఫ్టీ డాలర్స్. కమ్ సూన్" అని ఉంది. ఫోన్ చేశాను. కాన్‌బెర్రాలో, హారిసన్ అనే పేటలో ఉంటున్న ఒక రిటైర్డ్ డాక్టర్ ఆంటీ ఎత్తారు. గొంతు తగ్గించి మాట్లాడారు. "గురువారం రా బిడ్డా. మా సారు ఊర్లె ఉండడు, పొద్దుగూకినంక గాని రాడు. ఆయన వచ్చేలోపల తీస్కపో" అన్నారు. దొంగసొత్తు బేరంలా ఉండటంతో నాకు మరింత హుషారు వచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టాను.

సెంట్రల్ స్టేషన్‌లో దిగేసరికి ఆరున్నర దాటింది. ఒక కాఫీ తాగి, ఏడు దాటాక కదిలే కాన్‌బెర్రా రైలెక్కాను. టికెట్ ముందే కొనుక్కుంటే చవక, సీటు నంబరుతో సహా ఇస్తారు. వెళ్ళేవాళ్ళు కిటికీ సీటు అడిగి పుచ్చుకోండి.

కాంప్‌బెల్‌టౌన్‌లో నా పక్క సీటుకి ఒక పెద్దాయన వచ్చారు. డెబ్బై అయిదు పైన ఉంటాయి. నెత్తిన ఉన్ని టోపీ, చంకలో పేపరు. "గుడే!" అన్నారు, ఇక్కడ పుట్టినవాళ్ళు కూడా అంత సాగదీయరు. రంగు మనదే గానీ మనవాడేనా అన్న అనుమానం వచ్చి, ఎక్కడివారని ఇంగ్లీషులో అడిగాను. "కాన్‌బెర్రా" అన్నారు. మన తెలుగువాళ్ళయితే అక్కడితో ఆగరు. ఊరు, జిల్లా, ఆ పైన మేనమామ ఇంటిపేరు కూడా చెబుతారు. ఆయన పేపరు విప్పి గళ్ళనుడికట్టు మొదలుపెట్టారు. ఏ ఫిజీవారో అని తేల్చేసుకున్నాను.

మాస్ వేల్ దగ్గర పొగమంచులో ఆవులు, గొర్రెలు కనిపిస్తుండగా మా ఆయన ఫోన్ చేశారు. ఇక మొదలుపెట్టాను. బయటి దేశంలో ఉన్న తెలుగువాళ్ళకి ఒక ధైర్యం ఉంటుంది. నలుగురిలో నిలబడి ఎంత గుట్టయినా తెలుగులో చెప్పేస్తే తలుపు వేసుకుని చెప్పినట్టే లెక్క.

"ఆఁ, కూర్చున్నానండీ. పక్కన ఎవరో తాతగారు. మనోడు కాదులెండి, భయం లేదు" అన్నాను. "ఆ హారిసన్ ఆంటీకి ఆ పాత కీబోర్డు విలువేం తెలుసు, పిచ్చితల్లి! తెలిసినోడైతే నాలుగొందలకి తక్కువ ఇవ్వడు. మొగుడికి చెప్పకుండా అమ్మేస్తోంది."

"ఆయన కనిపెడితే?" అన్నారు మా ఆయన.

"ఏం కనిపెడతాడు! ఆ ముసలాయన ఇంటికొచ్చి చూసుకునేసరికి నేను తిరుగుదారిలో గోల్‌బర్న్ దాటేస్తా."

పక్కన పెన్సిలు ఆగింది. ఫోను పెట్టేశాక పెద్దాయన నావైపు వంగి, మర్యాదగా, "ఎక్స్‌క్యూజ్ మీ. సిక్స్ లెటర్స్. పర్సన్ హూ టేక్స్ అదర్ పీపుల్స్ థింగ్స్?" అని అడిగారు.

"రాబర్" అన్నాను వెంటనే. ఇలాంటివి నాకు నోటికి వచ్చేస్తాయి.

"వెరీ గుడ్. ఇట్ ఫిట్స్" అని గళ్ళు నింపుకున్నారు.

గోల్‌బర్న్‌కి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆకలేసి పులిహోర డబ్బా తీశాను. ఎదుటివాళ్ళకి పెట్టకుండా తినడం మా ఇంటా వంటా లేదు. ఆయనకీ మూతలో పెట్టి, ఇది చింతపండు అన్నం, దీన్ని పులిహోర అంటారు, ఏదీ అనండి అన్నాను. "పు... లి... హోరా?" అన్నారు ఆయన, చిన్నపిల్లవాడిలా. బాగా అన్నారని మెచ్చుకుని రెండోసారి కూడా పెట్టాను. కాన్‌బెర్రాలో దిగాక ఆయన టోపీ ఎత్తి, "గుడ్ లక్ విత్ యువర్ షాపింగ్" అని టాక్సీ ఎక్కి వెళ్ళిపోయారు. షాపింగ్ సంగతి ఈయనకెలా తెలుసని ఒక్క క్షణం అనిపించింది. అంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను.

స్టేషన్ నుంచి సిటీకి బస్సు, అక్కడినుంచి గంగాలిన్ వైపు వెళ్ళే లైట్ రైలు. రెండింటికీ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. ఫ్లెమింగ్టన్ రోడ్డు మీద దిగి పది నిమిషాలు నడిస్తే హారిసన్‌లో ఆంటీ ఇల్లు. పన్నెండున్నరకి బెల్లు కొట్టాను. తలుపు తీసింది ఉన్ని టోపీ.

"రా బిడ్డా" అన్నారు పెద్దాయన, అచ్చమైన వరంగల్ తెలుగులో. "నువ్వు గోల్‌బర్న్ దాటకముందే నేనొచ్చిన. ఆ ముసలాయన నేనే."

ప్రాణం ఉందో లేదో గిల్లి చూసుకోవలసిన పరిస్థితి.

"పులిహోర మంచిగుండె. ఉప్పు జర తక్కువైంది" అని, లోపలికి తిరిగి గట్టిగా, "డాక్టరమ్మా! నీ కీబోర్డు కొననీకె వచ్చిన్రు!" అన్నారు.

ఆంటీ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, మా ఇద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన పని ముందే అయిపోయి పొద్దుటి రైలుకే వచ్చేశారట. దొరికిపోయిన దొంగలం ఇద్దరమయ్యాం. ఆయన మాత్రం కోప్పడలేదు. "అమ్ము. నాకేం పని దానితోని" అని వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆంటీ నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళారు. కీబోర్డు మీద పాత టవల్ కప్పి ఉంది. టవల్ తీస్తూ సంగతంతా చెప్పారు. అంకుల్ యూనివర్సిటీలో నేలల గురించి పాఠాలు చెప్పేవారట, ఆ పాఠాలన్నీ దీని మీదే కొట్టేవారట. రిటైరయ్యాక రోజూ పొద్దున పేపర్లకి ఉత్తరాలు రాయడం పని. తలమీద తన్నే మాగ్‌పై పిట్టల మీద, ఏడాదికి రెండుసార్లు దేశమంతా గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పడం మీద, రుచిలేని టమాటాల మీద. "ముప్పై ఏండ్లు ఆ టకటకకి తిట్టిన బిడ్డా. నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకుంటే చెవులల్ల మొలలు కొట్టినట్టుండేది" అన్నారు. కిందటేడు వాళ్ళమ్మాయి నీలిమ ఉద్యోగం ఇంటినుంచే చేస్తూ ఇక్కడికి వచ్చేసింది. మీటింగుల్లో ఈ చప్పుడు అందరికీ వినిపిస్తోందని చెప్పింది. అంకుల్ ఒక్క మాట అనకుండా కీబోర్డు తెచ్చి గరాజ్‌లో పెట్టేశారు.

"లాప్‌టాప్ మీద రాయొచ్చు కదా ఆంటీ" అన్నాను. అనగానే నాకే సిగ్గేసింది.

"రాస్తలేడు. కిటికీ కాడ కూసుంటడు. పిట్టలు తలమీద తన్నినా ఏమంటలేడు. దీన్ని ఇక్కడ చూస్తే నా పానం ఒప్పుతలేదు. టైపు కొట్టుకునేటోళ్ళ ఇంటికన్న పోతే మంచిగుంటదని అమ్ముతున్న."

కీబోర్డు ఎత్తి ఇంట్లోకి తెచ్చాను. రెండు కిలోల పైమాటే. "పరీక్ష చెయ్యకుండ కొంటవా?" అన్నారు అంకుల్, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. గుండ్రటి పాత ప్లగ్గుకి సరిపడే చిన్న అడాప్టర్ నేను తెచ్చుకున్నాను. ఆంటీ లాప్‌టాప్‌కి తగిలించి కొట్టడం మొదలుపెట్టాను.

అబ్బా! ఏం చెప్పను! మూడు నెలలుగా వేళ్ళలో ఇరుక్కున్నదంతా ఒక్కసారి కదిలింది. ఏం కొట్టానో నాకే తెలియదు, పేరాలకి పేరాలు పడుతున్నాయి. దీన్ని వదిలి వెళ్ళేది లేదని అప్పుడే నిశ్చయించుకున్నాను. పక్కకి చూస్తే అంకుల్ వేళ్ళు మోకాళ్ళ మీద ఆడుతున్నాయి.

"నీ ఎడమ చిటికెన వేలు బద్ధకంగున్నది" అన్నారు ఆయన, లేచి వచ్చి. "జరుగు."

జరిగాను. ఆయన కూర్చుని చొక్కా చేతులు మడుచుకుని మొదలుపెట్టారు. నాది చినుకులైతే ఆయనది వడగళ్ళు. వెనక నిలబడి చదివాను. సంపాదకుడికి ఉత్తరం. ఈ ఉదయం రైల్లో తన పక్కన కూర్చున్న ఒక స్త్రీ, తన భాష ఎవరికీ రాదన్న ధీమాతో, తాను చెయ్యబోయే దోపిడీని భర్తకి పూసగుచ్చినట్టు వివరించిందట. అడగగానే ఆమె తన వృత్తి పేరు కూడా చెప్పిందట, ఆరక్షరాల్లో. రెండో పేరాలో నా పులిహోరలో ఉప్పు దాకా వెళ్ళారు. ఆంటీ చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నవ్వాను.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. నీలిమ, మెడలో హెడ్‌ఫోన్. "డాడ్! ఐయామ్ ఇన్ ఎ మీటింగ్. వి టాక్డ్ అబౌట్ దిస్."

వాక్యం మధ్యలోనే అంకుల్ చేతులు ఆగిపోయాయి. "సారీ బిడ్డా" అని లేచారు. వైరు పీకడానికి వంగి, "తీస్కపో" అన్నారు నాతో. నిజం చెప్పేస్తాను, అప్పుడు కూడా నా చెయ్యి నా సంచీ జిప్పు మీదే ఉంది.

"ఆగు" అన్నారు ఆంటీ. ఆయన్ని కాదు, కూతుర్ని చూస్తూ. "నీ మీటింగ్ గరాజ్‌ల పెట్టుకో. హీటర్ నేను పెడ్త."

"వాట్? మమ్, యు ఆర్ ద వన్ హూ ఆల్వేస్ సెడ్..."

"ఔ, నేనే అన్న. ముప్పై ఏండ్లు నేనే అన్న. ఇయ్యాల గూడ నేనే అంటున్న. నడువ్."

నీలిమ తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. తర్వాత, "ఫైన్. బట్ ఐ వాంట్ ద బిగ్ హీటర్" అని తన లాప్‌టాప్ పట్టుకుని గరాజ్‌లోకి నడిచింది.

ఆంటీ నావైపు తిరిగారు. "మాటిచ్చిన బిడ్డా. నువ్వు అంత దూరం నుంచి వస్తివి. తీస్కపోతనంటే కాదనను" అన్నారు. అంకుల్ కీబోర్డు వంకే చూస్తున్నారు. నేనేమీ త్యాగమూర్తిని కాను. ఒక నిమిషం పూర్తిగా ఆలోచించాను. వంగి, ఆ పొడవాటి స్పేస్ మీటని ఒకటికి రెండుసార్లు నొక్కి చూసి, "ఇది కొంచెం వదులుగా ఉన్నట్టుంది అంకుల్. నాకు సరిపోదు" అన్నాను.

అది రాయిలా గట్టిగా ఉంది. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

"ఔ, జర వదులే" అన్నారు అంకుల్, చాలా గంభీరంగా.

ఆ తర్వాత నన్ను తినకుండా కదలనివ్వలేదు. బీరకాయ కూర, పచ్చిపులుసు, గడ్డపెరుగు. తింటున్నంతసేపూ ముందు గదిలో టకటకలు. ఆంటీ నాకు వడ్డించడం మరిచిపోయి వింటున్నారు. మధ్యలో, చప్పుడుని బట్టే లెక్కేసి, "మూడో పేజీ" అన్నారు తనలో తనే. లేచేటప్పుడు నా అడాప్టర్ అక్కడే వదిలేశాను.

నాలుగున్నరకి సిటీలో కోచ్ బస్సు ఎక్కాను. రైలు కంటే అరగంట ముందే సెంట్రల్‌లో దింపుతుంది, కాళ్ళు చాపుకోవడానికి మాత్రం రైలే నయం. ఒళ్ళో ఖాళీ సంచీ. గోల్‌బర్న్ దాకా నా మీద నాకే ఒళ్ళు మండింది. అంత మంచి కీబోర్డు మళ్ళీ దొరుకుతుందా? ఆ మంట చల్లారాక మిగిలింది అసూయ, అదీ కీబోర్డు మీద కాదు. మొగుడు చేసే రొద కోసం కూతుర్ని గరాజ్‌లోకి పంపిన ఆ మనిషిని చూసి. కాన్‌బెర్రాలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేను చూసినవి ఒక గరాజూ, ఒక ముందుగదీ. అయినా నాకు టికెట్ గిట్టుబాటయింది.

మా ఆయన ఫోన్ చేశారు. కీబోర్డు లేకుండా వస్తున్నానని చెప్పాను. "అయ్యో!" అన్నారు. ఆ అయ్యోలో ఉన్న సంతోషం బస్సంతా వినిపించి ఉంటుంది.

నాకు కోపం రాలేదు. ఆ టకటకలు లేకపోతే తోచని స్థితికి రావడానికి డాక్టరమ్మకే ముప్పై ఏళ్ళు పట్టింది. మా ఆయనకి పదకొండే అయ్యాయి. ఇంకా పంతొమ్మిదేళ్ళ కోర్సు మిగిలి ఉంది, మధ్యలో ఆపేస్తే మందు పనిచెయ్యదు.